గింజలు అమ్మానాన్నలకు, పురుగులు పిల్లలకు

ఏమ్మా చెల్లెళ్లూ, సంక్రాంతికి వసారాలో కట్టిన వరికుచ్చు ఇంకా ఉందా? ఉంటే ఈపాటికి సగం కంకులు బోడిగా అయిపోయి, కింద పొట్టు రాలుతూ, రోజూ ఊడవలేక మీరు విసుక్కుంటూ ఉంటారు. పిచ్చుక వచ్చి ఆ కంకి పట్టుకుని వేలాడుతూ గింజ ఒలుచుకుంటుంటే, ఇంట్లో ఎవరో ఒకరు "పాపం, పిల్లలకు పట్టుకెళ్తోంది" అంటారు. మా ఇంట్లో అయితే మా అత్తగారు అంటారు. ఆవిడ మాట ఆవిడ ముందు కాదనను గానీ, మీతో చెప్పడానికేం! ఆ గింజ చాలావరకు పిల్లల దాకా వెళ్లదు. అమ్మా నాన్నా అక్కడే తినేస్తారు. పిల్లల తిండి వేరే చోటు నుంచి వస్తుంది. మన కరివేపాకు చెట్టు మీంచి, చిక్కుడు పాదు మీంచి, మందారం కొమ్మ మీంచి. మనం "ఛీ, పురుగు!" అని చీపురుతో దులిపేసే సరుకంతా వాళ్ల వంటింటి సామానే.

పిచ్చుక పెద్దయ్యాక ప్రధానంగా గింజలే తింటుంది. బియ్యం చెరుగుతుంటే నూకల కోసం కాళ్ల దగ్గరికి వచ్చేది అందుకే. కానీ గుడ్డులోంచి అప్పుడే బయటపడ్డ కూనకు గింజ అరగదు. మొదటి నాలుగైదు రోజులు దాని నోట్లో పడేవన్నీ మెత్తటివి. పేనుబంక, చిన్న సాలీళ్లు, లేత గొంగళిపురుగులు. పిల్ల కాస్త గట్టిపడ్డాక మిడతలూ పెంకుపురుగులూ మొదలవుతాయి. వాటినీ ఉన్నదున్నట్టు పెట్టరు. కొమ్మకేసి బాది, గరుకు కాళ్లూ రెక్కలూ ఊడగొట్టి, మెత్తగా చేశాకే నోట్లో పెడతారు. గింజల వంతు ఆ తర్వాత.

ఎందుకింత పట్టింపు అంటే, పిచ్చుక కూన పుట్టినప్పుడు 2, 3 గ్రాములు ఉంటుంది. రెండు వారాలు తిరిగేసరికి ఇంచుమించు తల్లంత బరువు రావాలి, ఒంటినిండా ఈకలు రావాలి. ఈక అంతా మాంసకృత్తుతో తయారయ్యేదే. నూకలు తిని ఆ వేగంతో ఈకలు మొలిపించుకోవడం దానివల్ల కాదు. నీళ్ల సంగతీ అంతే. మన పెరటి పిట్టలేవీ గూటికి నీళ్లు మోసుకురావు. పురుగులో ఉన్న తడే కూనకు నీరు.

తేనెపిట్టను చూడండి, ఇంకా విచిత్రం. పొద్దస్తమానం మందారం మీదా దానిమ్మ పూల మీదా వాలి తేనె పీలుస్తుంది. పిల్లల దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం దాని ముక్కున సాలీడో చిన్న పురుగో ఉంటుంది. తాను తినేది ఒకటి, పిల్లకు పెట్టేది ఇంకొకటి. మన ఇళ్లలో కూడా చాలామంది తల్లులది ఇదే లెక్క, ఏమంటారు?

సరే, మొదటి నుంచీ చెప్తాను. మన పెరటి పిట్టలు మామూలుగా రోజుకొక గుడ్డు పెడతాయి. పిచ్చుకవి 4, 5 ఉంటాయి, గోరువంకవీ అంతే. పిగిలిపిట్టవి 2, 3. పిగిలిపిట్ట అంటే అదేనమ్మా, నల్లటి నెత్తిన చిన్న కుచ్చూ, తోక కింద ఎర్రమచ్చా ఉంటుందే, ఆ బుల్‌బుల్. తేనెపిట్ట రెండే పెడుతుంది. పొదగడానికి పిచ్చుకకు 12 రోజులు అటూఇటూ, పిగిలిపిట్టకు రెండు వారాలు, గోరువంకకు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది.

పొదిగే తల్లికి పొట్ట మీద ఒకచోట ఈకలు రాలిపోతాయని మీలో ఎంతమందికి తెలుసు? ఈకలు ఒంటి వేడిని బయటికి పోనివ్వవు. అవి అడ్డం ఉంటే గుడ్డుకు వేడి అందదు. అందుకని ఆ కాస్త చోటు బోడిగా అయి, చర్మం కింద రక్తనాళాలు ఉబ్బి, ఒళ్లు నేరుగా గుడ్డుకు తగులుతుంది. పిల్లలు ఎగిరిపోయాక ఈకలు మళ్లీ వస్తాయి. కాన్పయ్యాక జుట్టు ఊడిపోతోందని బెంగపడే చెల్లెళ్లు ఇది ఒకసారి తలుచుకోండి.

కొన్ని తల్లులు ఆఖరి గుడ్డు పెట్టేదాకా ఆగవు, ముందే పొదగడం మొదలుపెడతాయి. అప్పుడు ముందు పెట్టిన గుడ్డు ముందు పగులుతుంది. ఒకే గూట్లో ఒకటి పెద్దది, ఒకటి బక్కది. ఈ తేడా ఎందుకు పనికొస్తుందో కాసేపట్లో చెప్తాను, అది వింటే మీకు కోపం రావచ్చు.

కోడిపిల్ల గుడ్డులోంచి వస్తూనే ఒంటినిండా నూగుతో, కళ్లు తెరుచుకుని, తల్లి వెంట పరిగెత్తి తన గింజ తనే ఏరుకుంటుంది. పిచ్చుకా, పిగిలిపిట్టా, గోరువంకా అలా కావు. వాటి కూనలు ఒంటి మీద ఈక లేకుండా, కళ్లు మూసుకుని, ఎర్రగా వణుకుతూ ఉంటాయి. మొదటి రోజుల్లో ఒంటి వేడిని కూడా సొంతంగా నిలుపుకోలేవు. అందుకే తిండి తెస్తూనే మధ్యమధ్య తల్లి వాటి మీద కూర్చోవాలి. చలేస్తే కప్పాలి, ఎండ పడితే రెక్కలు విప్పి నీడ పట్టాలి. ఆ కూన చేయగలిగిన పని ఒక్కటే, నోరు తెరవడం. గూడు కాస్త కదిలిందంటే అమ్మ వాలిందని లెక్క. కళ్లు తెరవకుండానే అన్నీ ఒక్కసారి మెడలు సాచి నోళ్లు తెరుస్తాయి. నోటి లోపల ఎరుపో పసుపో కొట్టొచ్చినట్టు ఉంటుంది, అంచున లేతపసుపు పెదవి ఒకటి. గూడు చీకటిగా ఉన్నా తల్లికి ఎక్కడ పెట్టాలో తెలియాలి కదా.

ఇప్పుడు కోపం వచ్చే సంగతి. తల్లి తెచ్చిన పురుగు ఎవరికి దక్కుతుంది? ఎక్కువ ఎత్తుకు సాచినవాడికి, ఎక్కువ గట్టిగా అరిచినవాడికి. వంతులు లేవు. పెద్దపిల్ల కడుపు నిండి మెడ వాల్చినప్పుడే బక్కదానికి అందుతుంది. ఒక్కోసారి తల్లి పురుగును ఒక నోట్లో పెట్టి క్షణం ఆగి చూస్తుంది. కడుపు నిండిన పిల్ల చప్పున మింగలేదు. అప్పుడు అదే పురుగును తిరిగి లాగి పక్కదాని నోట్లో పెడుతుంది. పురుగులు బాగా దొరికే ఏడు అన్నీ బతుకుతాయి. దొరకని ఏడు బక్కది పోతుంది, మిగిలినవైనా బలంగా ఎగురుతాయి. ముందే పొదగడం మొదలుపెట్టి పెద్దా చిన్నా చేయడం వెనక ఈ లెక్క ఉందని పక్షిశాస్త్రజ్ఞుల్లో చాలామంది అంటారు. అందరికీ తలా కాస్తా పంచితే, కరువు ఏడు అన్నీ కలిసి పోయేవి. తెలిసినా నాకు మాత్రం ఆ బక్కదాని వైపే మనసు పోతుంది, ఏం చేయను!

శుభ్రం సంగతి చెప్తే మీరు నవ్వుతారు. కూనల రెట్ట తెల్లటి పలచని పొరలో సంచిలా చుట్టుకుని, డైపరుతో సహా బయటికి వస్తుంది. తిండి నోట్లో పడిన వెంటనే చాలా కూనలు వెనక్కి తిరిగి తోక ఎత్తుతాయి. తల్లో తండ్రో ఆ సంచిని ముక్కున కరుచుకుని దూరంగా తీసుకెళ్లి పారేస్తారు. మొదటి రోజుల్లో అయితే మింగేస్తారు కూడా, ఎందుకంటే ఆ పసి పొట్ట అరిగించుకోలేక వదిలేసిన సారం అందులో ఇంకా ఉంటుంది. మొహం చిట్లించకండి. గూడు కంపు కొడితే చీమలు వస్తాయి, గూటి కింద తెల్లగా రెట్టపడితే కాకికి ఆనవాలు దొరుకుతుంది. కాకీ, జెముడుకాకీ, పిల్లీ, పామూ అన్నీ ఆ ఆనవాలు కోసమే చూస్తుంటాయి. మన తోటల్లో కట్టిన గూళ్లలో చాలావాటికి ఎగిరేదాకా బతికే యోగం ఉండదు. పిగిలిపిట్ట ఒక గూడు పోతే ఇంకో కొమ్మ చూసుకుని మళ్లీ మొదలుపెడుతుంది. పసులపోలిగాడు గూడున్న చెట్టు మీదే గువ్వలూ పిగిలిపిట్టలూ తమ గూడు కూడా పెట్టుకోవడం కద్దు. తన గూటి దగ్గరికి వస్తే కాకినీ గద్దనూ కూడా తరిమికొట్టే పిట్ట అది. గట్టివాడి పక్కన ఇల్లు కట్టుకోవడం మంచిదని వాటికి ఎవరు చెప్పారో.

ఇక మొగుళ్ల సంగతి. ఈ ముచ్చట లేకుండా మన కబుర్లు ఏనాడైనా ముగిశాయా?

పిచ్చుకల్లో మొగుడూ పెళ్లాలిద్దరూ పొదుగుతారు, ఇద్దరూ పురుగులు తెస్తారు. పిగిలిపిట్టలూ గోరువంకలూ కూడా పెంపకంలో ఇద్దరూ కలిసే పడతారు. పురుగుల మీద పెంచే చిన్న పిట్టలు పొద్దుపొడిచింది మొదలు చీకటిపడేదాకా గూటికీ కొమ్మకీ మధ్య వందల సార్లు తిరుగుతాయి, ఒక్కళ్లవల్ల అయ్యే పనేనా? తేనెపిట్టల్లో గూడు కట్టేదీ పొదిగేదీ ఆడదే. సాలెగూటి పోగులతో ఎండుటాకులూ బెరడు ముక్కలూ అతికి, చిన్న సంచిలా వేలాడదీసి, గుమ్మం మీద చూరు కూడా పెడుతుంది. మగాడు ఊదారంగు నిగనిగలతో దగ్గరే తిరుగుతూ పాడుతుంటాడు. అయినా పిల్లలు పుట్టాక పురుగులు మోయడానికి వస్తాడు, అంతవరకు నయం. దర్జీపిట్టల్లోనూ కుట్టుపని ప్రధానంగా ఆడదానిదే. ముక్కుతో ఆకు అంచున కన్నాలు పొడిచి, దూదో సాలెపోగో దూర్చి, ఆకును దొన్నెలా మడిచి కుడుతుంది. ఆకును తెంపదు, అది చెట్టుకే పచ్చగా ఉంటుంది కాబట్టి గూడు కంటికి ఆనదు.

గిజిగాడిది మరీ వేరే కథ. అది పెరటి పిట్ట కాదనుకోండి, బావిగట్టు ఈతచెట్టుదీ చేనుగట్టు తాటిచెట్టుదీ. మగాడు గూడు సగం అల్లి, రెక్కలు కొట్టి పిలుస్తాడు. ఆడపిట్టలు వచ్చి లోపలా బయటా చూసి, నచ్చితేనే ఒప్పుకుంటాయి. ఒప్పుకుంటే మిగతా సగమూ, కిందికి వేలాడే గొట్టమూ పూర్తిచేస్తాడు. ఆ తర్వాత? ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తాడు. పొదగడమంతా ఆమె పనే, పిల్లల తిండి కూడా చాలావరకు ఆమె మీదే. పక్షిశాస్త్రజ్ఞులు సలీం అలీ గారు 1930లో బొంబాయికి దగ్గరున్న కిహీం అనే ఊళ్లో ఉండి ఈ సంసారాన్ని పూసగుచ్చినట్టు గమనించి రాశారు. మన హైదరాబాదు సంస్థానంలో 1931-32లో పక్షుల సర్వే చేసిన సలీం అలీ గారే ఆయన.

ఇప్పుడు ఫ్లాట్లలో ఉండే చెల్లెళ్లు చెవులు ఇటు పెట్టండి, మీ ఏసీ డబ్బా వెనక కాపురం పెట్టిన పావురం గురించి. నాలుగు పుల్లలు పడేసి దాన్నే గూడంటుంది. రెండు గుడ్లు, 17 నుంచి 19 రోజుల పొదుగుడు. పొద్దున కాస్త ఎండెక్కిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా మగదీ, మిగతా సమయమంతా ఆడదీ కూర్చుంటాయి. పిల్లకు పురుగు పెట్టదు, గింజ కూడా వెంటనే పెట్టదు. పాలిస్తుంది! మనలాంటి పాలు కావనుకోండి. పావురానికి మెడ కింద గింజలు దాచుకునే సంచి ఒకటి ఉంటుంది. పిల్లలు పుట్టబోయే ముందు ఆ సంచి లోపలి గోడ ఉబ్బి, దాని పొర ఊడి, కొవ్వూ మాంసకృత్తులూ నిండిన మెత్తటి జున్ను లాంటి పదార్థం తయారవుతుంది. పిల్ల తన ముక్కును తల్లి నోట్లో పెట్టి అది తాగుతుంది. తల్లి అన్నాను గానీ, తండ్రి కూడా ఇస్తాడు. అక్షరాలా నిజం, మగపావురానికి కూడా పాలు పడతాయి. పడేలా చేసేది ప్రొలాక్టిన్. బాలింతకు పాలు పడేలా చేసేదీ అదే హార్మోను. దానికి ఆ పేరు 1930ల్లో పావురాల మీద జరిగిన పరిశోధనల్లోనే వచ్చింది. మొదటి కొద్దిరోజులు పిల్లలకు ఈ పాలే తిండి, ఆ తర్వాత నానిన గింజలు కలుస్తాయి. దాదాపు నెల రోజులు గూట్లోనే ఉండి పెద్దదానిలా తయారై బయటికి వస్తుంది కాబట్టి పావురం పిల్లను మనం రోడ్డు మీద ఎప్పుడూ చూడం. గువ్వలదీ ఇదే పద్ధతి.

ఇక్కడొక మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది. పావురం పిల్లను పెంచడానికి పురుగు అక్కర్లేదు. ఎక్కడో ఎవరో చల్లిన జొన్నలు తిని, ఇంటికొచ్చి పాలు చేసి పెట్టగలదు.

కోకిలమ్మ సంగతి మీకు తెలిసిందే, గూడు కట్టదు. ఉగాది ముందు నుంచీ కూసేది మగది. ఆడది మచ్చల ఒంటితో చప్పుడు చేయకుండా ఆకుల్లో ఉండి, అదను చూసి కాకి గూట్లో గుడ్డు పెట్టేస్తుంది. కోకిల గుడ్డు కాకి గుడ్ల కంటే కొన్ని రోజులు ముందే పగులుతుంది. ముందు పుట్టినవాడికి ముందు తిండి. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, కోకిలపిల్ల కూడా కాకికి ముద్దే. రెక్కలొచ్చి కొమ్మ మీదికి వచ్చాక కూడా రోజుల తరబడి నోరు తెరిచి అరుస్తుంటే, కాకి ఆ నోరు నింపుతూనే ఉంటుంది. కాకిని ఎవరూ మెచ్చుకోరు, పాట విన్నప్పుడు కోకిలనే మెచ్చుకుంటాం. నా ఓటు మాత్రం కాకికే.

ఇంకో జాతి ఉంది, బాబ్లర్లంటారు. మట్టిరంగు పిట్టలు, ఆరేడు కలిసి చెట్టు కింద ఎండుటాకులు తిరగేస్తూ ఒకటే కీచులాట. గుంపులో ఒకళ్లకు పిల్లలు పుడితే మిగతావాళ్లు కూడా పురుగులు తెచ్చి పెడతారు. పిన్నులూ, మామయ్యలూ, పోయిన కాన్పు అన్నలూ అందరూ. ఉమ్మడి కుటుంబం, ఆ గోల కూడా దానికి తగ్గట్టే.

ఎండల గురించి కూడా చెప్పాలి. మార్చి నుంచి జూన్ దాకా చాలా పిట్టలు పిల్లలతో ఉంటాయి. దర్జీపిట్టా గిజిగాడూ వానలతో జోరందుకుంటాయి, వానకు పురుగు లేస్తుంది కాబట్టి. తీతువు పిట్టను అపశకునమని తిడతాం కదా. అది నేల మీదే, కొన్నిచోట్ల డాబాల మీద కూడా, గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టి, ఎండ మండిపోతుంటే నీళ్లలో పొట్ట తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. దానికి అపశకునమని పేరు పెట్టినవాళ్లు ఒక మధ్యాహ్నం దాని పక్కన నిలబడి చూడాల్సింది. మనం చేయగలిగింది నీడలో ఒక మట్టిమూకుడు నీళ్లు. లోతు తక్కువ ఉండాలి, కాలు నిలవడానికి ఒక రాయి వేయాలి, దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ మార్చాలి.

పిల్ల కింద పడింది, ఏం చేయమంటారని మీరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. ముందు దాన్ని చూడండి. ఒంటి మీద ఈకలు లేకపోతే అది గూట్లోంచి జారిపడ్డది. గూడు అందే ఎత్తులో ఉంటే చేత్తో తీసి లోపల పెట్టేయండి. "మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టుకోదు" అని మన అమ్మమ్మల కాలం నుంచీ వింటున్నాం, అది నిజం కాదు. వాసన పట్టి తల్లి పిల్లను వదిలేయదు. గూడు చెడిపోయి ఉంటే చిన్న బుట్టలో ఎండుగడ్డి వేసి, అదే కొమ్మకు కట్టి, దూరంగా వచ్చేయండి. మీరు పక్కనే నిలబడితే తల్లి రాదు.

ఒంటినిండా ఈకలుండి, తోక పొట్టిగా, మూతి పక్కన ఇంకా పసుపు ఉండి, గెంతుతూ ఉంటే అది పడిపోయిన పిల్ల కాదు, చదువు మొదలుపెట్టిన పిల్ల. ఎగరడం రాకముందే గూడు వదలడం చాలా పిట్టలకు మామూలే. తల్లీతండ్రీ పక్క కొమ్మ మీదే ఉంటారు, ఇంకా కొన్నాళ్లు నేల మీదే తిండి పెడతారు. అనాథ అనుకుని మనం ఇంట్లోకి తెచ్చేస్తే అప్పుడు నిజంగా అనాథ అవుతుంది. పిల్లి తిరుగుతుంటే తీసి పొదలో పెట్టండి, పిల్లిని లోపల కట్టేయండి, అంతే. జాలిపడి నోట్లో నీళ్లు పోయకండి. నాలుక మొదట్లోనే గాలిగొట్టం కంత ఉంటుంది, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలన్నం అసలే వద్దు. గాయమైతే పశువుల డాక్టరు దగ్గరికో అటవీశాఖ వాళ్ల దగ్గరికో తీసుకెళ్లండి. పంజరం మాట ఎత్తకండి. రామచిలుకను ముద్దుగా పెంచుకుంటున్నామన్నా 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

బాల్కనీకి వల కొట్టించుకునే చెల్లెళ్లకు ఒక మనవి. పావురాల రెట్ట ఎండి దుమ్మైతే ఉబ్బసం ఉన్నవాళ్లకు మంచిది కాదు, కొట్టించుకోండి, తప్పు లేదు. లోపల గుడ్లుంటే మాత్రం పిల్లలు ఎగిరేదాకా ఆగి కొట్టించండి. కంచె మొక్కలు కత్తిరించే మనిషి వచ్చినా ముందు మీరొకసారి కొమ్మల్లోకి చూడండి. గూడు కనిపిస్తే ఫోను పట్టుకుని గంటకోసారి దగ్గరికి వెళ్లకండి, మీ వెనకే కాకి చూస్తూ ఉంటుంది.

ఇప్పుడు పావురం దగ్గర గుర్తుపెట్టుకోమన్న మాటకు వస్తాను. మార్చి 20న పిచ్చుకల దినమని ఫోటోలు పెట్టుకుంటాం, సెల్ టవర్లు పిచ్చుకల్ని మింగేశాయని వాట్సాప్‌లో పంపుకుంటాం. మన దేశపు పక్షుల స్థితి మీద 2020లో వచ్చిన నివేదిక చూస్తే, దేశం మొత్తం మీద పిచ్చుకలు ఇంచుమించు నిలకడగానే ఉన్నాయి, తగ్గింది పెద్ద నగరాల్లో. టవర్ల వల్లే అని చెప్పడానికి గట్టి ఆధారం లేదు. అనుమానమంతా పురుగులు తగ్గడం మీదా, గూటికి చోటు లేకపోవడం మీదా ఉంది. ఇంగ్లండులో లెస్టర్ అనే ఊళ్లో పిచ్చుక గూళ్లను దగ్గరగా పరిశీలించినవాళ్లకూ ఇదే కనిపించింది. పురుగు అందని చోట కూనలు గూట్లోనే ఆకలికి పోతున్నాయి. మన నగరాల్లో పావురాలు మాత్రం కుప్పలు తెప్పలు ఎందుకున్నాయని అడిగితే నాకు తోచిన జవాబుల్లో మొదటిది ఆ పాల సంచే. పురుగు లేని వీధిలో పావురం పిల్లను పెంచగలదు, పిచ్చుక పెంచలేదు.

చైనాలో 1958లో పిచ్చుకలు ధాన్యం తినేస్తున్నాయని ఊరూరా డప్పులు కొట్టి, వాలనివ్వకుండా తరిమి, గూళ్లు పీకి చంపించారు. అవి తిన్న గింజలే లెక్కపెట్టారు గానీ, పిల్లల కోసం ఏరిన పురుగుల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. పిచ్చుకలు పోయాక చేలల్లో పురుగు పెరిగింది. 1960కి, ప్రభుత్వం నిర్మూలించాలన్న శత్రువుల జాబితాలోంచి పిచ్చుకను తీసేసి నల్లిని పెట్టారు.

మనం డప్పులు కొట్టం, స్ప్రే కొడతాం. గులాబీకి ఒక మందు, కరివేపాకుకు ఒక మందు, గడ్డికి ఒక మందు. మందు తగిలి మత్తుగా పడి ఉన్న పురుగును పట్టుకోవడం పిట్టకు తేలిక, అదే గూటికి చేరుతుంది. చెట్టు కింద ఆకు రాలితే చాలు ఊడ్చి తగలబెడతాం, బాబ్లర్ల భోజనం అందులోనే కదా ఉంది. అలంకారానికి నర్సరీ నుంచి మనం తెచ్చే మొక్కల్లో చాలావాటిని మన పురుగులు ముట్టుకోవు. ఆకు చిల్లు పడకుండా నిగనిగలాడుతుంటే మనకు ముచ్చట, పిట్టకు ఖాళీ కంచం. ఒక నిమ్మ, ఒక కరివేపాకు, ఒక చిక్కుడు పాదు, ఒక మందారం ఉంటే చాలు. కరివేపాకు మీద చిన్నగా నల్లగా తెల్లమచ్చతో పిట్టరెట్టలా కనిపించేది సీతాకోకచిలుక పిల్ల. పిట్టల కళ్లు కప్పడానికే ఆ వేషం. కొన్ని సీతాకోకలవుతాయి, కొన్ని దర్జీపిట్ట పిల్లల పొట్టలోకి పోతాయి. మీ పోపుకు రెండు రెమ్మలు తగ్గితే కొంప మునగదు.

వరికుచ్చు కట్టడం మాత్రం మానకండి. అమ్మానాన్నల కడుపు నిండితేనే పురుగు వేటకు ఓపిక ఉంటుంది. పిచ్చుక పెట్టె కట్టేవాళ్లు కంత అంగుళంపావు ఉండేలా చూసుకోండి, మరీ పెద్దదైతే గోరువంక ఆక్రమిస్తుంది. ఎండ నేరుగా పడని గోడకు, పిల్లికి అందని ఎత్తులో బిగించండి. ఈ వానాకాలం చిక్కుడు పాదుకు పేనుబంక పడితే మందు డబ్బా తీసే ముందు ఒక్క వారం ఓపిక పట్టండి. ఏ పిట్ట వచ్చి ఏరుకుపోయిందో, ఎటు పట్టుకెళ్లిందో చూసి నాకు ఉత్తరం రాయండమ్మా.